ఆకలికి కూలితే చప్పట్లు కొట్టారు

1899 శరత్కాలం. షికాగో లిరిక్ థియేటర్లో ఆదివారం ఆట. జపాన్ నుంచి వచ్చిన సదయాకో ‘దోజోజీ’ అనే నాట్యం చేస్తోంది. బృందంలో ఎవరికీ రోజుల తరబడి కడుపునిండా తిండి లేదు. జనాన్ని రప్పించడానికి సమురాయ్ కవచాలు తొడుక్కుని వీధులన్నీ తిరిగొచ్చారు. కత్తియుద్ధంలో కిందపడ్డ నటులు మళ్లీ లేవలేకపోయారు. నాట్యం మధ్యలో ఆమె కూడా కళ్లు తిరిగి కూలిపోయింది. చూసేవాళ్లకు అదంతా అభినయమే అనిపించింది. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఆ రోజు గురించి ఆ బృందమే తర్వాత చెప్పుకున్న సంగతి ఇది.

అసలు ఆమె నటి కాదు. టోక్యోలో పేరుమోసిన గీషా, ప్రధాని ఇతో హిరోబుమి అండ ఉన్న మనిషి. నటుడు కవాకామి ఒటోజిరోను పెళ్లాడింది. అతను కట్టిన నాటకశాల అప్పుల్లో పోయింది. మొగుడూ పెళ్లాలిద్దరూ ఓ చిన్న పడవలో టోక్యో విడిచి, తీరం వెంబడి కోబె చేరారు. అక్కడే బృందంతో కలిసి అమెరికా ఓడ ఎక్కారు. ఆమె బయల్దేరింది భార్యగానే. శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగి చూస్తే గోడల మీద పోస్టర్లలో తన బొమ్మే ఉంది! జపాన్‌లో 1629 నుంచి కబుకి వేదిక మీదికి ఆడవాళ్లను రానివ్వలేదు. స్థానం నరసింహారావు సత్యభామను తలకెత్తుకున్న మనకు మగవాళ్ల ఆడవేషం వింతేమీ కాదు. కానీ ఆడవేషం ఆడమనిషే కట్టాలన్నది అమెరికా జనం పట్టుదల. అలా ఇరవై ఏడేళ్ల వయసులో, పరాయి ఊళ్లో, ఆమె ముఖానికి రంగేసుకుంది.

అంతలో వసూళ్లన్నీ మూటగట్టుకుని మేనేజరు పారిపోయాడు. వెంట వచ్చిన మేనకోడలు త్సురును సాకలేక అక్కడే ఒక జపాన్ చిత్రకారుడికి అప్పగించారు. ఆ పిల్లే పెద్దయ్యాక హాలీవుడ్ మూకీల్లో తార అయింది.

బోస్టన్‌లో అంతకంటే పెద్ద దెబ్బ తగిలింది. ఆడవేషాలు కట్టే కుర్రనటులు ఇద్దరు చనిపోయారు. ముఖానికీ మెడకూ రోజూ దట్టంగా పట్టించే తెల్లరంగులో సీసం ఉండేది. చెమటతో కలిసి అది ఒంట్లోకి ఇంకింది. వాళ్లను పొట్టన పెట్టుకున్నది వేషమే. ఒటోజిరో కూడా ఆపరేషన్ బల్ల ఎక్కాల్సివచ్చింది.

అయినా ఆ ఊళ్లోనే వాళ్లు హెన్రీ ఇర్వింగ్, ఎలెన్ టెర్రీ ఆడిన ‘మర్చెంట్ ఆఫ్ వెనిస్’ చూశారు. దేశం కాని దేశంలో వింతలు చూడటమంటే వాళ్లకు నాటకం చూడటమే. వెంటనే తమ షైలాక్ తాము తయారుచేసుకున్నారు. ఒటోజిరో షైలాక్, ఆమె పోర్షియా. సంభాషణలు కంఠతా పట్టే వ్యవధి లేక నోటికొచ్చిన ముక్కలు అల్లేశారు. ఒక్క జపనీస్ మాటైనా తెలియని జనం, కళ్లలోనూ చేతుల్లోనూ అర్థం వెతుక్కున్నారు. దీన్ని మోసం అనడానికి నాకు మనసొప్పదు. మాట చేతిలో లేనప్పుడు ఆ నటులు ఒళ్లంతా మాటగా చేసుకున్నారు.

అక్కడి నుంచి దశ తిరిగింది. వాషింగ్టన్‌లో అధ్యక్షుడు మెకిన్లీ, లండన్‌లో వేల్స్ యువరాజు వాళ్ల ఆట చూశారు. 1900 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో, నర్తకి లోయీ ఫుల్లర్ కట్టించిన చిన్న థియేటర్లో ఆడారు. ఎన్నో కోట్లమంది వచ్చిన ఆ సంతలో జనం ఎగబడి చూసిన వేడుకల్లో సదయాకో మరణ సన్నివేశం ఒకటి. అరవకుండా, చేతులు ఝాడించకుండా, ముఖంలో రంగు మారుతున్నట్టే చనిపోయేది. ఫుల్లర్ మాత్రం హరాకిరి, అంటే కడుపు చీల్చుకుని చావడం, ఉండి తీరాల్సిందేనని పట్టుబట్టింది. ఆకలితో నిజంగా కూలిన మనిషి ఆ ప్రేక్షకుల కోసం ఆటాటకీ చచ్చిపోవాల్సివచ్చింది. పికాసో కూడా ఆమె బొమ్మ గీశాడు.

1901లో ఇంటికి చేరింది. స్వదేశంలో ఆమె నటిగా టోక్యో వేదికెక్కింది 1903లో, ఒథెల్లో నాటకంలో. 1907లో దంపతులు మళ్లీ పారిస్ వెళ్లారు. ఈసారి ఆడటానికి కాదు, అక్కడ నాటకశాలలు ఎలా నడుస్తాయో, నటీమణులకు చదువు ఎలా చెబుతారో చూసి రావడానికి. మరుసటి ఏడాది సదయాకో టోక్యోలో ఆడపిల్లలకు నటన నేర్పే బడి తెరిచింది. చేరినవాళ్లలో మోరి రిత్సుకో ఒకరు. నటి కాబోతోందని తెలిసి ఆమె అంతకుముందు చదివిన స్కూలు, పూర్వ విద్యార్థినుల జాబితా నుంచి ఆమె పేరు కొట్టేసింది. 1911లో టోక్యోలో ఇంపీరియల్ థియేటర్ తెర లేచింది. ఆ వేదిక మీద రిత్సుకో తన పేరుతోనే నటించింది.