వడ్డన మర్యాద ఎక్కడ పుడుతుంది?

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటుంది తెలుగు సామెత. వంట ఎంత బాగా కుదిరినా, అది విస్తట్లోకి వచ్చే తీరును బట్టే తిన్నవాడికి తృప్తి కలుగుతుందని మన పెద్దలు ఎప్పుడో గ్రహించారు. పెళ్లిపందిట్లోనో బంధువుల ఇంట్లోనో వడ్డించేవాడు నిజంగానే మనవాడు. హోటల్లో అలా కాదు. అక్కడ ముక్కూమొహం తెలియని మనిషి మరో ముక్కూమొహం తెలియని మనిషికి అన్నం పెడతాడు. అతను ప్లేటు విసిరినట్టు పెట్టి వెళ్తే పొగరుబోతంటాం, అడక్కుండానే మంచినీళ్లు తెచ్చి పెడితే మంచివాడంటాం. రెండుసార్లూ మన తీర్పు సర్వరు స్వభావం మీదే. అయితే హోటళ్ల చరిత్రను తిరగేస్తే కనిపించేది వేరు. సర్వరు ప్రవర్తనను చాలావరకు తీర్చిదిద్దేది అతని వెనకున్న ఏర్పాటు. జీతం, ఉద్యోగ భద్రత, శిక్షణ, వంటింటితో సంబంధం, యజమాని దగ్గర దక్కే గౌరవం, సమాజం పెట్టిన కట్టుబాట్లు అందులో భాగాలు. అవి సరిగ్గా ఉన్నచోట సామాన్యుడు కూడా మర్యాదగా వడ్డిస్తాడు. లేనిచోట ఎంతటి ఓపికమంతుడైనా విసుక్కుంటాడు.

ఈ మాటకు చేదు రుజువు మన ఊళ్లలోనే ఉంది. తెలుగు పల్లెల టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి తరాలపాటు నడిచింది. దళితులకు వేరే గ్లాసు, అది తాగినవాళ్లే కడిగి పెట్టాలి. ఆ గ్లాసు అందించిన కుర్రాడు స్వతహాగా దయగలవాడా, కఠినుడా అన్నది అక్కడ లెక్కలోకే రాదు. ఏ గ్లాసు ఎవరికివ్వాలో ఊరు ముందే నిర్ణయించింది. అందుకే 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం ఈ విషయాన్ని మనుషుల మంచితనానికి వదిలిపెట్టలేదు. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఏ పౌరుడినీ దుకాణాలు, హోటళ్లు, భోజనశాలల్లోకి రానివ్వకుండా అడ్డుకోకూడదని 15వ అధికరణంలో పేరుపెట్టి మరీ చెప్పింది. కోట్లమంది భవిష్యత్తును నిర్దేశించే గ్రంథంలో హోటల్‌కు చోటు దక్కిందంటే, వడ్డనలో మనిషి గౌరవం ఎంతగా ముడిపడి ఉందో తెలుస్తుంది.

రైలుకట్ట పక్కన మొదలైన మార్పు

వ్యాపారం వైపు నుంచి చూస్తే ఇదే పాఠం 19వ శతాబ్దపు అమెరికాలో కనిపిస్తుంది. అప్పట్లో పడమటి రాష్ట్రాల రైలు ప్రయాణికులకు స్టేషన్లలో దొరికే తిండి పేరు వింటేనే వెగటు. పాచి రొట్టె, చల్లారిన కాఫీ, ఆ పైన కసురుకునే మనుషులు. ఇంగ్లండ్ నుంచి వలస వచ్చిన ఫ్రెడ్ హార్వీ 1876లో కాన్సస్ రాష్ట్రంలోని టొపీకా స్టేషన్లో శాంటా ఫే రైల్వే ప్రయాణికుల కోసం భోజనశాల తెరిచాడు. 1883లో న్యూ మెక్సికోలోని రాటన్ శాఖలో సర్వర్లు గొడవపడితే వాళ్లను తీసేసి, వారి స్థానంలో యువతులను నియమించాడు. 18 నుంచి 30 ఏళ్ల మధ్య వయసున్న, మంచి నడవడిక గల అమ్మాయిలు కావాలని పత్రికల్లో ప్రకటనలిచ్చాడు. నెలకు 17.50 డాలర్ల జీతం, టిప్పులు, ఉండటానికి గది, భోజనం. ప్రయాణికులు ఎందరు వస్తున్నారో తంతి ద్వారా ముందే కబురందేది. ఏ పానీయం కావాలో కప్పు పెట్టిన తీరును బట్టే గుర్తుపట్టే సంకేతాలుండేవి. అరగంట మాత్రమే ఆగే రైలు దిగిన జనానికి తొందర, గందరగోళం లేకుండా పూర్తి భోజనం అందేది. రాత్రి వేళకు గదికి చేరాలన్న ఆంక్షలు, ఒప్పంద కాలంలో పెళ్లి చేసుకోకూడదన్న షరతులు ఈనాటి కళ్లకు అన్యాయంగానే కనిపిస్తాయి. ఆ ఉద్యోగాలు చాలాకాలం తెల్లజాతి యువతులకే పరిమితం కావడం కూడా కాదనలేని మచ్చ. అయినా హార్వీ గ్రహించిన విషయం విలువైనది. చిరునవ్వుతో వడ్డించమని ఆజ్ఞాపిస్తే సరిపోదు, అలా వడ్డించడానికి వీలైన పరిస్థితిని ముందు కల్పించాలి.

ఆ పరిస్థితి జీతంతోనే పూర్తికాదని విలియం ఫుట్ వైట్ అనే సామాజిక శాస్త్రవేత్త చూపించాడు. షికాగో భోజనశాలలను పరిశీలించి 1948లో ఆయన ప్రచురించిన పుస్తకం ఈ రంగంలో నేటికీ చెప్పుకోదగ్గది. సర్వర్లుగా పనిచేసే మహిళలు రద్దీ వేళల్లో ఒత్తిడి తట్టుకోలేక ఏడ్చేసేవారు. కస్టమర్ల తొందర ఒకవైపు, వంటవాళ్ల కసురు మరోవైపు. హోదాలో, జీతంలో తమకంటే కిందున్న స్త్రీలు గట్టిగా ఆర్డర్లు చెబుతుంటే వంటవాళ్లకు చిన్నతనంగా ఉండేదని వైట్ గుర్తించాడు. ఆర్డరును చీటీ మీద రాసి ఇనుప చువ్వకు గుచ్చి పెట్టే పద్ధతి ఉన్నచోట ఆ ఘర్షణ తగ్గింది. చీటీలు చూసుకుని ఏది ముందు, ఏది తర్వాత అన్నది వంటవాడే నిర్ణయించుకునేవాడు. మనుషులు వాళ్లే, స్వభావాలు అవే. మధ్యలో ఒక చిన్న ఏర్పాటు వచ్చి మాటతీరును మార్చింది. టేబుల్ దగ్గర మనకు ఎదురయ్యే విసుగులో ఎంత భాగం వంటింటి గుమ్మం దగ్గర పుట్టి ఉంటుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

సర్వర్లే యజమానులైన వేళ

మన దేశంలో ఇంతకంటే సాహసమైన ప్రయత్నం ఇండియన్ కాఫీ హౌస్. దేశంలో కాఫీ వాడకం పెంచడానికి 1936లో బొంబాయి చర్చిగేట్‌లో మొదలైన ఈ కాఫీ హౌస్‌లు తర్వాత కాఫీ బోర్డు నడిపిన సంస్థలయ్యాయి. 1950ల మధ్యలో బోర్డు వాటిని మూసేయడం మొదలుపెట్టింది. ఉద్యోగాలు పోయిన కార్మికులను కూడగట్టి, సహకార సంఘాలుగా ఏర్పడి మీరే నడుపుకోండని కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ ముందుకు నడిపించారు. 1957 ఆగస్టులో బెంగళూరులో తొలి సంఘం ఏర్పడింది. అదే ఏడాది అక్టోబరులో ఢిల్లీలోను, 1958 మార్చిలో కేరళలోని త్రిస్సూరులోను కార్మికుల కాఫీ హౌస్‌లు తెరుచుకున్నాయి. నిన్నటిదాకా ఆర్డరు రాసుకున్నవాళ్లే సంఘం సభ్యులై, పాలకవర్గాన్ని ఎన్నుకునే హక్కు పొందారు. తెల్లటి దుస్తులు, కుచ్చు తలపాగాతో కనిపించే సర్వరుకు ఆ హోటల్లో వాటా ఉంది. వచ్చిన కస్టమరు నొచ్చుకుని వెళ్తే నష్టం తనదే. కప్పు కాఫీతో గంటలకొద్దీ కూర్చునే విద్యార్థిని, రచయితను, నిరుద్యోగిని లేవమనకపోవడం వాటికి గుర్తింపైంది. దాని విలువ ఏమిటో కలకత్తా కాలేజీ స్ట్రీట్‌లో తేలింది. అక్కడి కాఫీ హౌస్‌ను 1958లో మూసేయబోతే ప్రెసిడెన్సీ కాలేజీ, కలకత్తా విశ్వవిద్యాలయం అధ్యాపకులు ప్రభుత్వానికి విన్నవించుకున్నారు. ఆ ఏడాదే అది మళ్లీ తెరుచుకుంది. రుచి కోసమే అయితే కాఫీ ఇంకెక్కడైనా దొరుకుతుంది. తమను మనుషులుగా చూసిన చోటు పోతుందన్న బాధే వాళ్లను కదిలించింది.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటుంది. కాఫీ హౌస్‌లలో సేవ నిదానమని, ఉద్యోగం పోదన్న ధీమా అలసత్వానికి దారితీస్తుందని చాలామంది అంటారు. చాలాచోట్ల నిదానం నిజమే. దశాబ్దాలపాటు కేరళ శాఖల్లో మహిళా ఉద్యోగులు దాదాపు లేకపోవడమూ నిజమే. భద్రత ఒక్కటే అన్నీ తెచ్చిపెట్టదు. హార్వీ దగ్గర ఉన్న కఠిన శిక్షణ, వైట్ చెప్పిన పని అమరిక దానికి తోడవ్వాలి. కానీ భయంతో నడిచే చోట వేగం వస్తుందేమో గాని ఆదరణ రాదు. గల్లాపెట్టె దగ్గర యజమాని అరుస్తున్నంతసేపూ సర్వరు పరుగులు పెడతాడు, కస్టమరు ముఖం వైపు మాత్రం చూడడు. అలసత్వానికి మందు జవాబుదారీతనం. అభద్రత దానికి ప్రత్యామ్నాయం కాలేదు.

రెండో అభ్యంతరం టిప్పు గురించి. మంచి సేవకు కస్టమరే బహుమతి ఇస్తే సర్వరు తనంతట తాను శ్రద్ధ చూపుతాడు కదా? వినడానికి సబబుగానే ఉంది. అయితే సేవ నాణ్యతకూ టిప్పు మొత్తానికీ మధ్య సంబంధం చాలా బలహీనమని అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన మైఖేల్ లిన్ పరిశోధనలు తేల్చాయి. మనుషులు ఎక్కువగా అలవాటుకొద్దీ, బిల్లు లెక్కనుబట్టీ ఇస్తారు. పైగా టిప్పును నమ్ముకున్న వ్యవస్థ యజమాని బాధ్యతను కస్టమరు నెత్తిన పెడుతుంది. టిప్పులు వచ్చే ఉద్యోగులకు యజమాని ఇవ్వాల్సిన కనీస వేతనం అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం 1991 నుంచీ గంటకు 2.13 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. మన దేశంలోనూ బిల్లుకు సర్వీస్ ఛార్జీని తప్పనిసరిగా కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లో ఆదేశించింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది. కస్టమరును కాపాడే ఆ తీర్పు సబబైనదే. అయితే ఆ వెంటనే అడగాల్సిన ప్రశ్న మిగిలే ఉంది: ఛార్జీ లేనప్పుడు సర్వరుకు సరైన జీతం ఎవరిస్తున్నారు?

ఈ ప్రశ్న తెలుగు నగరాలకు బాగా దగ్గరిది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ హోటళ్లలో వడ్డించేవారిలో చాలామంది ఒడిశా, బెంగాల్, ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చిన యువకులు. భాష రాదని, చెప్పింది అర్థం చేసుకోరని మనం విసుక్కుంటాం. నాలుగు తెలుగు మాటలు నేర్పించడం, వారానికో రోజు సెలవివ్వడం, పడుకోవడానికి కాస్త గాలాడే గది చూపించడం యజమాని చేయాల్సిన పనులు. ‘ఏయ్’ అని పిలవకుండా ‘బాబూ’ అనడం, తప్పొస్తే మేనేజరుతో మాట్లాడి కుర్రాడిని నలుగురిలో అవమానించకుండా ఉండటం తినేవాళ్లు చేయాల్సిన పనులు. వ్యక్తి స్వభావానికి అసలు పాత్రే లేదని ఎవరూ అనరు. మంచి మనసున్నవాడు చెడ్డ హోటల్లోనూ కొంతకాలం మంచిగానే ఉంటాడు. కానీ రోజుకు పన్నెండు గంటలు నిలబడేవాడి మంచితనం మీదే వ్యాపారం నడపాలనుకోవడం అన్యాయం. అది ఎక్కువకాలం సాగదు కూడా. మంచి వడ్డన కోరుకునే కస్టమరు, దాన్ని అందిస్తామని బోర్డు పెట్టుకునే యజమాని ఇద్దరూ ముందుగా వడ్డించేవాడి బతుకును పట్టించుకోవాలి.