పాముకూ రోషన్‌దాన్ కావాలి

మొన్న వానల్లో చుండూరు వెళ్ళినప్పుడు మా భాంజా తన గదిలో పెట్టుకున్న గాజు పెట్టె చూపించాడు. లోపల ఒక బాల్ పైథాన్ ఉంది. గాజు మీద నీటి చుక్కలు ధారగట్టి కారుతున్నాయి. పైన ఉన్న జాలీని పాలిథిన్ కాగితంతో కప్పేశాడు. "చూడండి మామూ, నమీ ఎంత బాగా నిలిచిందో! రోజుకు రెండుసార్లు నీళ్ళు కొడుతున్నా" అన్నాడు ఖుషీగా. విదేశాల వాళ్ళ వీడియోల్లో అలాగే చెప్పారట. పాము మాత్రం తల పైకెత్తి, నోరు కొంచెం తెరిచి, గురగురమంటూ సాంస్ తీస్తోంది.

వాడి మొహబ్బత్‌ను నేను శంకించను. కానీ ఆ సలహాకు ఒక తారీఖ్ ఉంది. అది ఏ మౌసమ్‌లో పుట్టిందో తెలిస్తే, మన కృష్ణా డెల్టాలో ఎందుకు ఎదురు తిరుగుతుందో అర్థమవుతుంది.

పాముకు మొదటి ఇల్లు బొరియ, ఆ తర్వాత పుట్ట. మన పొలంగట్ల మీద ఎలుకలు తవ్విన బొరియలకు రెండు మూడు నోళ్ళుంటాయి. ఎలుకలు పట్టే యానాదులకు ఈ సంగతి బాగా తెలుసు. మిగతా కన్నాలు మూసేసి, ఒక కన్నం దగ్గర గడ్డి మంట పెట్టిన కుండతో పొగ ఊదుతారు. హవా రాకపోకలు ఆగితే లోపలి ప్రాణి నిలవలేదు. మామూలు రోజుల్లో ఆ నోళ్ళే గాలినిస్తాయి. చుట్టూ ఉన్న మట్టి చల్లదనాన్ని, కాస్త తేమను పట్టి ఉంచుతుంది.

పుట్టది ఇంకా ఆశ్చర్యమైన కట్టడం. 2015లో వెలువడిన ఒక అధ్యయనం కోసం బెంగళూరులో చెదపుట్టల లోపలి గాలిని కొలిచారు. పగలు పుట్ట అంచులు ముందు వేడెక్కి గాలి అక్కడ పైకి లేస్తుంది, నడుమ కిందికి దిగుతుంది. రాత్రి ఇదంతా తిరగబడుతుంది. చెడు గాలి మట్టి గోడల సన్నని రంధ్రాల గుండా బయటికి పోతుంది. బాల్ పైథాన్ సొంత వతన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా. అక్కడ అది కూడా పగలంతా ఎలుకల బొరియల్లో, చెదపుట్టల్లోనే గడుపుతుంది. అంటే దానికి తేమ కావాలి, ఆ తేమతో పాటు కదిలే గాలి కూడా కావాలి.

మనిషి పామును కైద్ చేసిన తొలి పెట్టెల్లో మనకు బాగా తెలిసింది పాములవాళ్ళ వెదురు బుట్ట. అల్లికలోంచి గాలి ఆడుతుంది. నమీ మాత్రం నిలవదు. దానికి తోడు కోరలు పీకడం, ఆకలి, దాహం. అందుకే ఆ బుట్టల్లో పాములు ఎక్కువ కాలం బతికేవి కావు.

పాముల ఇల్మ్ అప్పట్లో ఇక్కడి జనం దగ్గరే ఉండేది. సిరియాలోని హలబ్ నగరంలో, అంటే అలెప్పోలో, హకీమ్‌గా పనిచేసిన పాట్రిక్ రస్సెల్ 1780లలో విశాఖపట్నం వచ్చి కోరమాండల్ తీరపు పాములను సేకరించాడు. 1796లో వచ్చిన ఆయన పుస్తకంలో రక్తపింజర పేరు 'కటుక రేకుల పొడ' అని తెలుగులోనే ఉంది. కట్లపాముల జాతికి శాస్త్రవేత్తలు పెట్టిన 'బంగారస్' అన్న పేరు కూడా మన 'బంగారు' నుంచి పోయిందే. పేర్లు, బొమ్మలు విలాయత్ చేరాయి. పాము ఉండే చోటి హవాను మాత్రం ఓడలో తీసుకుపోలేరు కదా!

అక్కడ ఇంకో కథ నడిచింది. 1829 ప్రాంతంలో లండన్ డాక్టర్ నథానియల్ వార్డ్ మూత బిగించిన సీసాలో ఒక పురుగు గూడును దాచాడు. అందులో ఫెర్న్ మొక్క మొలిచింది. లోపలి తేమ ఆవిరై, గాజుకు తగిలి, మళ్ళీ నీరై మట్టిలోకి దిగుతోంది. ఆయన పేరుతో వచ్చిన గాజు పెట్టెల్లోనే తర్వాత చైనా తేయాకు మొక్కలు సముద్రం దాటి హిందుస్తాన్ వచ్చాయి. మొక్కకు మూసిన గాజు నప్పింది. పాముకు నప్పదు.

1849లో లండన్ జూ ప్రపంచంలో మొదటి సరీసృపాల భవనం తెరిచింది. చలిదేశం కాబట్టి పాములకు వెచ్చదనం ఇవ్వడమే అక్కడ పెద్ద ఫికర్. 1927లో అదే జూలో జోన్ ప్రాక్టర్ అనే శాస్త్రవేత్త రూపకల్పన చేసిన కొత్త భవనం వచ్చింది. అందులో విద్యుత్తుతో పెట్టెలో ఒక చోట ఎక్కువ వేడి, మరో చోట తక్కువ వేడి ఉండేలా చేశారు. ఎటు ఉండాలో పాము ఇష్టానికే వదిలారు.

గాలిని వేడి చేస్తే ఒక మార్పు జరుగుతుంది. 25 డిగ్రీల వద్ద తేమతో నిండిపోయిన గాలిని 32 డిగ్రీలకు వేడిచేస్తే, ఒక్క నీటిచుక్క తగ్గకపోయినా తేమ శాతం 100 నుంచి దాదాపు 67కు పడిపోతుంది. చలిదేశంలో బయటి గాలిలో నీరు తక్కువ, దాన్ని హీటర్ వేడి చేస్తుంది. దాంతో పెట్టె ఎండిపోతుంది, పాము కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతుంది, కళ్ళ మీది పొర అతుక్కుపోతుంది. అందుకే అక్కడివాళ్ళు నీళ్ళు కొట్టమంటారు, జాలీ కప్పమంటారు. వాళ్ళ చోట అది సరైన మాటే.

చుండూరు సంగతి వేరు. చుట్టూ కాలువలు, వరిచేలు. సముద్రం కూడా ఎంతో దూరం లేదు. వానాకాలంలో గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే. బాల్ పైథాన్‌కు 50 నుంచి 70 శాతం చాలు. ఇప్పటికే తడిసిన గాలికి నీళ్ళు కొట్టి, జాలీ మూసేస్తే బూజు పుడుతుంది, పొట్ట పొలుసుల కింద బొబ్బలు లేస్తాయి. ఊపిరితిత్తుల జబ్బు అన్నిటికన్నా ప్రమాదం. చాలా పాములకు పనిచేసేది కుడి ఊపిరితిత్తే. మనలా దగ్గి కఫం బయటికి తోయలేవు. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ముక్కు దగ్గర బుడగలు కనిపించినా వెంటనే పశువైద్యుడికి చూపించాలి.

మన పాత ఇళ్ళలో గోడ పైభాగాన రోషన్‌దాన్ ఉండేది. వేడి గాలి అందులోంచి వెళ్ళిపోయేది, కింది కిటికీలోంచి చల్లగాలి వచ్చేది. పాము పెట్టెకూ ఇదే ఉసూల్: చల్లని వైపు కింద కొన్ని కన్నాలు, వెచ్చని వైపు పైన కొన్ని. తేమ కొలిచే మీటరు ఒక్కో వైపు ఒకటి. వానల్లో నీళ్ళు చల్లొద్దు, నేల పైపొర పొడిగా ఉండాలి, నీళ్ళ గిన్నెను వేడికి దూరంగా జరపాలి. మే నెల వడగాలుల్లోనూ, ఏసీ గదిలోనూ పెట్టె మొత్తం తడపనక్కర లేదు. తడి కొబ్బరిపీచు ఉన్న చిన్న డబ్బాకు ఒక కన్నం పెట్టి లోపల ఉంచితే చాలు. కావాలంటే పామే అందులోకి పోతుంది.

ఈ పాత ఇల్మ్ ఇంకా బతికే ఉంది. చెన్నై దగ్గర ఇరుళ తెగవాళ్ళు 1978లో పెట్టుకున్న పాములు పట్టేవారి సహకార సంఘం, మందు కోసం విషం తీసే పాములను మట్టి కుండల్లో ఉంచుతుంది. అడుగున ఇసుక, మూతికి నూలు గుడ్డ. కుండ గోడ తేమను పీల్చుకుంటుంది, వదులుతుంది. గుడ్డ గాలిని రానిస్తుంది. కొన్ని వారాలయ్యాక పాములను మళ్ళీ అడవిలో వదిలేస్తారు.

కానూన్ సంగతి కూడా మరవొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ వంటి మన దేశపు పాములను ఇంట్లో పెంచుకోవడం జుర్మ్. బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతులనైతే 2022 సవరణ, 2024 నియమాల ప్రకారం పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

ఆ సాయంత్రమే మా భాంజా పాలిథిన్ తీసేశాడు. మర్నాడు పామును పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాడు. నెల రోజులు ఇంజెక్షన్లు నడిచాయి. ఇప్పుడది నోరు మూసుకునే ఊపిరి తీస్తోంది. అడవిలో ఉంటే తనకు కావలసిన హవాను అదే వెతుక్కునేది. మనం కైద్ చేశాక దాని హవా జిమ్మేదారీ మనదే.