సెకనుకు ఎన్ని ఫ్రేములు?

1996లో త్రీడీఎఫ్‌ఎక్స్ కంపెనీ వూడూ గ్రాఫిక్స్ తెచ్చినప్పుడు, దాన్ని కొన్నవాళ్ల కంప్యూటర్‌లో రెండు గ్రాఫిక్స్ కార్డులు ఉండేవి. వూడూకి త్రీడీ తప్ప మరో పని రాదు. మామూలు విండోస్ తెర చూపించడానికి పాత కార్డు ఉండాల్సిందే. క్యాబినెట్ వెనక పాత కార్డు నుంచి వూడూలోకి ఒక పొట్టి కేబుల్, వూడూ నుంచి మానిటర్‌కి ఇంకో కేబుల్. గేమ్ మొదలవగానే కొన్ని బోర్డుల్లో రిలే టిక్కుమనేది. తెర వూడూ చేతికి వచ్చిందని దానర్థం. 50 మెగాహెర్ట్జ్ వేగం, 4 ఎంబీ మెమరీ, అంతే. అయినా అప్పటిదాకా గళ్లు గళ్లుగా కనిపించిన క్వేక్ గేమ్ 640x480లో నున్నగా పరుగెత్తేసరికి గేమర్లకు మతిపోయింది.

కార్డులను కొలిచే కొలబద్ద కూడా ఆ క్వేక్‌లోనే దొరికింది. గేమ్ మధ్యలో కన్సోల్ తెరిచి ‘టైమ్‌డెమో’ అని కొడితే, ముందే రికార్డు చేసిన ఆట ఎంత వేగంగా వీలైతే అంత వేగంగా నడిచి, చివర్లో సెకనుకు ఎన్ని ఫ్రేములు గీసిందో అంకె చూపించేది. అందరి దగ్గరా అదే ఆట, అవే గదులు, అవే తుపాకులు. కాబట్టి పాత కార్డుకీ కొత్త కార్డుకీ తేడా ఒక్క అంకెలో తేలిపోయేది. ఫిన్లాండ్ నుంచి 1998లో వచ్చిన త్రీడీమార్క్ 99 దాన్ని మరింత సులువు చేసింది. గేమ్ కొననక్కర్లేదు, ప్రోగ్రాం నడిపితే స్కోరు వస్తుంది.

అమ్మకాలను అంకె శాసించడం మొదలయ్యాక ఆ అంకెను పెంచే మార్గాలు కంపెనీలకు తట్టకుండా ఉంటాయా?

2001లో ఏటీఐ కంపెనీ కార్డు రేడియాన్ 8500 వచ్చింది. క్వేక్ 3లో దాని వేగం బాగానే ఉంది. హార్డ్‌ఓసీపీ అనే అమెరికన్ సమీక్షా పత్రిక ఒక చిన్న చిలిపి పని చేసింది. గేమ్ ఫైలు పేరులో ‘క్వేక్’ను ‘క్వాక్’గా మార్చి మళ్లీ నడిపింది. మారింది పేరొక్కటే, ఆటలో ఏ మార్పూ లేదు. అయినా వేగం పడిపోయింది, గోడల మీది బొమ్మలు మాత్రం స్పష్టంగా వచ్చాయి. క్వేక్ పేరు కనబడగానే కార్డును నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, బొమ్మ నాణ్యత తగ్గించి వేగం కొట్టేస్తోందన్నమాట. తమాషా ఏమిటంటే, కొద్ది వారాల్లోనే ఏటీఐ విడుదల చేసిన కొత్త డ్రైవర్‌లో నాణ్యత సరిగ్గా ఉంది, వేగమూ తగ్గలేదు. అంటే ఆ దొంగతనం అవసరమే లేకపోయింది.

రెండేళ్లకు ఏటీఐ పోటీదారు ఎన్‌విడియా వంతు. త్రీడీమార్క్ 03లో కెమెరా ముందే గీసిన దారిలో వెళుతుంది. డెవలపర్లకిచ్చిన వెర్షన్‌లో మాత్రం కెమెరాను పక్కకు తిప్పి చూడొచ్చు. అలా తిప్పి చూసినప్పుడు ఆకాశం చెదిరిపోయి, చెరపని పాత ఫ్రేముల మరకలు కనిపించాయి. కెమెరా చూడని చోట ఏదీ గీయకుండా, చెరపకుండా డ్రైవర్ పని ఎగ్గొడుతోంది. 2003 మేలో త్రీడీమార్క్ తయారీదారు ఫ్యూచర్‌మార్క్ ప్యాచ్ విడుదల చేస్తే ఎన్‌విడియా కార్డు జీఫోర్స్ ఎఫ్‌ఎక్స్ 5900 అల్ట్రా స్కోరు 24.1 శాతం దాకా పడిపోయింది. ఏటీఐకీ 1.9 శాతం కోత పడింది. తర్వాతి నెలలో ఫ్యూచర్‌మార్క్, ఎన్‌విడియా కలిసి ఇచ్చిన ప్రకటనలో ‘మోసం’ అన్న మాట ఎగిరిపోయింది.

డ్రైవర్ మోసాలు పత్రికల్లో రచ్చయ్యాయి కానీ, మామూలు కొనుగోలుదారుణ్ని ఎక్కువగా ముంచింది పెట్టె మీది పేరే. 2002లో వచ్చిన జీఫోర్స్ 4 ఎంఎక్స్‌లో ఉన్నది ప్రధానంగా జీఫోర్స్ 2 తరం సరుకు. 2001 నాటి జీఫోర్స్ 3లో ఉన్న ప్రోగ్రామబుల్ షేడర్లు ఈ ‘నాలుగు’లో లేవు. క్వేక్ సృష్టికర్తల్లో ఒకరైన జాన్ కార్మాక్ ఈ పేర్ల గందరగోళాన్ని అప్పట్లోనే బాహాటంగా తప్పుపట్టాడు. మరుసటి ఏడాది వచ్చిన ఎఫ్‌ఎక్స్ 5200ది ఇంకో కథ. కాగితం మీద డైరెక్ట్‌ఎక్స్ 9 ఉంది, ఆటలో మాత్రం ఏడాది పాతదైన జీఫోర్స్ 4 టీఐ 4200కి అందనంత వెనక. సికింద్రాబాద్ సీటీసీ లాంటి బజార్లలో ‘ఎన్ని ఎంబీలు?’ అని అడిగి కార్డు కొనే రోజులవి. 256 ఎంబీల ఎఫ్‌ఎక్స్ 5200 ఆ ప్రశ్నకు తగ్గ జవాబు. ఇరుకు సందు చివర పెద్ద గోడౌన్ కట్టినట్టు, అంత మెమరీని వాడుకునే సత్తా ఆ చిప్‌కి లేదు.

సగటు అంకె కూడా పూర్తి నిజం చెప్పదని తేలడానికి 2011 దాకా పట్టింది. టెక్ రిపోర్ట్ పత్రికకు చెందిన స్కాట్ వాసన్ ఒక్కో ఫ్రేముకు ఎన్ని మిల్లీసెకన్లు పడుతోందో విడివిడిగా లెక్కేశాడు. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కోటి 16.7 మిల్లీసెకన్లు. కానీ 59 ఫ్రేములు మొదటి అర సెకనులో వచ్చేసి, చివరిది మిగతా అర సెకను తిన్నా సగటు 60యే. ఆడేవాడికి మాత్రం బొమ్మ కొయ్యబారిపోతుంది. ఈ లెక్కలో రేడియాన్ కార్డుల తడబాట్లు బయటపడ్డాక, అప్పటికే ఏటీఐని కొనేసిన ఏఎండీ డ్రైవర్లు సరిచేసుకుంది. బెంచ్‌మార్క్ వల్ల గేమర్లకు నేరుగా జరిగిన మేలంటే బహుశా ఇదే.

ఇప్పుడు అసలు ఫ్రేము అంటే ఏమిటన్న దగ్గరే పేచీ వచ్చింది. 2025 జనవరిలో ఎన్‌విడియా అధిపతి జెన్సన్ హువాంగ్ 549 డాలర్ల ఆర్‌టీఎక్స్ 5070ని చూపించి, 1,599 డాలర్ల 4090 పనితీరు ఇస్తుందన్నాడు. ఆ లెక్కలో ప్రతి నాలుగు ఫ్రేముల్లో మూడింటిని ఏఐ ఊహించి గీస్తుంది. ఆ సదుపాయం ఆపి పరీక్షిస్తే కొత్త కార్డు ముందటి తరం 4070 సూపర్‌కి కాస్త అటూ ఇటూగా తేలింది.

అదే కొత్త తరానికి ఇంకో చిక్కు కూడా ఎదురైంది. పొగ, పగిలే గాజు, ఎగిరే గుడ్డ లాంటివాటికి ఎన్‌విడియా ఒకప్పుడు ప్రచారం చేసిన ఫిజ్‌ఎక్స్‌ను 32 బిట్ గేముల్లో నడిపే సదుపాయాన్ని ఈ కార్డులు వదిలేశాయి. దాంతో మిర్రర్స్ ఎడ్జ్, బోర్డర్‌ల్యాండ్స్ 2 లాంటి ఆటల్లో ఆ ఎఫెక్టులు పెడితే భారమంతా సీపీయూ మీద పడి, పదేళ్ల నాటి కార్డులు కొత్తవాటిని దాటేశాయి. కొందరు గేమర్లు ఖరీదైన ఆర్‌టీఎక్స్ 50 పక్కనే ఫిజ్‌ఎక్స్ కోసం పాత కార్డొకటి బిగించుకున్నారు. 2025 డిసెంబరులో ఎన్‌విడియా కొత్త డ్రైవర్‌తో కొన్ని ఆటలకు మాత్రం ఆ సదుపాయాన్ని తిరిగి ఇచ్చింది.