బాలల నాటిక రచన

పిల్లలు తమకు తెలిసిన కథను రంగస్థలంపై ప్రదర్శించుటకు అనువుగా సంభాషణల రూపంలో వ్రాయుటను బాలల నాటిక రచన అంటారు.

రచనా విధానం

మొదట పాత్రల పట్టిక, పిదప స్థలము, సమయము వ్రాయాలి. మాటలు పాత్ర పేరు ఎదుట, చేష్టలు కుండలీకరణములలో ఉండాలి. కథలో "చిన్నికి భయం వేసింది" అంటే చాలును. నాటికలో ఆ భయం కనబడాలి, లేదా వినబడాలి. ఉదాహరణకు, గన్నవరం సమీపంలోని ఏలూరు కాలువ గట్టుపై జరిగే రంగంలో:

చిన్ని: (వెనుకకు జరుగుతూ) అన్నయ్యా, నీళ్ళు లోతుగా ఉన్నాయి. ఇంటికి పోదాం రా!

భాష

పిల్లలు వ్రాసిన ఇంటి మాటలను ఉపాధ్యాయులు పుస్తక భాషలోకి దిద్దడం కద్దు. అందువలన అవ్వ, మనుమడు ఒకే తీరుగా మాట్లాడతారు. వాడుక భాషలో నాటకం రాణించగలదని 1892లో తొలిసారి ప్రదర్శితమైన గురజాడ అప్పారావు కన్యాశుల్కం నిరూపించింది. కావున నాటికను తోటిపిల్లలచే బిగ్గరగా చదివించి, నోరు తిరగని మాటలను వ్రాసిన పిల్లలచేతనే మార్పించుట మేలు.