విదేశాల నుంచి అమెరికా అధ్యక్ష ఎన్నికల ప్రచారం

విదేశాల్లో స్థిరపడ్డ అమెరికా పౌరులు తమ దేశ అధ్యక్ష అభ్యర్థుల కోసం ఉన్నచోటి నుంచే చేసే ప్రచారం. డెమొక్రాటిక్ పార్టీ తరఫున పనిచేసే ‘డెమొక్రాట్స్ అబ్రాడ్’ సంస్థ 1964లో లండన్, పారిస్‌లలో మొదలైంది. ‘రిపబ్లికన్స్ ఓవర్సీస్’ 2013లో వచ్చింది.

ఇందులో ఊరేగింపుల హడావుడి తక్కువ, ఓటర్ల నమోదే అసలు పని. 1986 నాటి చట్టం ప్రకారం ప్రవాస పౌరులు తాము చివరిగా నివసించిన రాష్ట్రంలో పోస్టల్ ఓటు వేయవచ్చు. కార్యకర్తలు వారిచేత దరఖాస్తులు నింపించి, గడువు దాటిపోకుండా వెంటపడతారు. చందాలకు మాత్రం హద్దుంది: అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డుదారులు తప్ప ఇతరులెవరూ ఇవ్వకూడదు.

2016లో పార్టీ అధ్యక్ష అభ్యర్థి ఎంపిక కోసం డెమొక్రాట్స్ అబ్రాడ్ జరిపిన ప్రైమరీలో బెర్నీ శాండర్స్‌కు 69 శాతం ఓట్లు పడ్డాయి. ఆక్స్‌ఫర్డ్‌లో ఉండే ఆయన అన్న లారీ, ప్రతినిధిగా ఫిలడెల్ఫియాలో జరిగిన పార్టీ మహాసభకు వెళ్లి, తల్లిదండ్రులను తలచుకుని గద్గద స్వరంతో తమ్ముడికి ఓటేశారు. అయితే అభ్యర్థిత్వం హిల్లరీ క్లింటన్‌కు దక్కింది.