దక్కనీ చిత్రకళలో హబ్షీలు

దక్కను సుల్తానుల కాలపు చిత్రాల్లో కనిపించే ఆఫ్రికా సంతతి సేవకులను, సైనికులను, మంత్రులను హబ్షీలు లేదా సిద్దీలు అంటారు. ఇథియోపియా, తూర్పు ఆఫ్రికా ప్రాంతాల నుంచి వీరిలో ఎక్కువమందిని అరేబియా సముద్రం మీదుగా బానిసలుగా తెచ్చారు.

పోలిక కోసం ఐరోపాను చూస్తే, ఇటలీలో చిత్రకారుడు టీషన్ 1520ల్లో గీసిన లారా డయాంటి చిత్రంలో నల్లజాతి బాలుడు యజమానురాలి వైపు తలెత్తి చూస్తుంటాడు. ఆమె చెయ్యి అతని భుజంపై ఉంటుంది. అక్కడ అతను ఆమె హోదాకు అలంకారం మాత్రమే. దక్కనులో సేవకుల బొమ్మలతోపాటు అధికారుల మూర్తిచిత్రాలూ వెలిశాయి. ఈ విషయంలో దక్కనీ చిత్రాలకు ప్రత్యేక స్థానం ఉంది. సుమారు 1645 నాటి బీజాపూర్ చిత్రంలో మంత్రి ఇఖ్లాస్ ఖాన్ ఏనుగుపై సుల్తాన్ మహమ్మద్ ఆదిల్ షా వెనుకే కూర్చుని ఉంటాడు. బానిసగా వచ్చి అహమద్‌నగర్‌ను శాసించిన మాలిక్ అంబర్ (సుమారు 1548–1626) మూర్తిచిత్రాన్ని మొగలు చిత్రకారుడు హాషిమ్ గీశాడు. మరో మొగలు చిత్రకారుడు అబుల్ హసన్ సుమారు 1616లో గీసిన చిత్రంలో మొగలు చక్రవర్తి జహంగీర్, ఈటెకు గుచ్చిన అంబర్ తలపై బాణం ఎక్కుపెడతాడు. అలాంటి విజయం జహంగీర్‌కు ఏనాడూ దక్కలేదు.