సున్నం పడిన కన్ను: కార్నియాను తిరిగి మొలిపించిన వైద్య చరిత్ర

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1970ల చివర, ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఎనిమిదేళ్ల బాలుణ్ణి తీసుకువచ్చారు. సంక్రాంతికి ఇంటికి సున్నం వేస్తున్న చోట ఆడుకుంటూ ఉండగా కుడికంట్లో సున్నపు ముద్ద పడిందట. ఇంట్లోవారు చనుబాలు పిండారు, ఆకుపసరు పోశారు. నీళ్లతో మాత్రం కడగలేదు. నా వద్దకు చేరేసరికి రెండు రోజులు గడిచిపోయాయి. నగరంలోని పెద్దాసుపత్రికి పంపించాను. కొన్నేళ్లకు ఆ కంటికి కార్నియా మార్పిడి చేశారు. నెలలు తిరగకుండానే ఆ కొత్త కార్నియా కూడా తెల్లబడింది. “కొత్తది వేశారు కదా డాక్టరుగారూ, మళ్ళీ పువ్వెందుకు వేసింది?” అని తండ్రి అడిగాడు. ఆనాడు నా దగ్గర సమాధానం లేదు. ఆ సమాధానం వైద్యశాస్త్రానికి ఎలా దొరికిందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నల్లగుడ్డుకు ముందు గడియారపు అద్దంలా ఉండే పారదర్శకమైన పొరే కార్నియా. దాని మార్పిడి చరిత్ర కూడా సున్నంతోనే మొదలు కావడం విచిత్రం. 1905 డిసెంబరు 7న, నేటి చెక్ దేశంలోని ఓలోమౌట్స్ పట్టణంలో ఎడ్వర్డ్ జిర్మ్ అనే వైద్యుడు, సున్నం పడి రెండు కళ్ళూ పోయిన ఒక కూలీకి ఈ శస్త్రచికిత్స చేశాడు. ప్రమాదంలో దెబ్బతిని, తీసివేయక తప్పని ఒక బాలుడి కంటి నుంచి కార్నియాను సేకరించాడు. ఒక కంటిలో అమర్చినది విఫలమైంది, రెండవది నిలిచింది. ఆ కూలీ తిరిగి పనిలోకి వెళ్ళగలిగాడు. మనిషి నుంచి మనిషికి మార్చిన కార్నియా స్పష్టంగా నిలవడం అదే మొదలు.

అయినా ఆ తరువాతి దశాబ్దాలలో రసాయనాలతో కాలిన కళ్ళకు చేసిన మార్పిడులు పదేపదే విఫలమయ్యేవి. కారణం కార్నియాలో కాదు, దాని అంచులో ఉంది. కార్నియా పైభాగాన్ని కప్పి ఉంచే పలుచని కణాల పొర నిరంతరం రాలిపోతూ, వారం పది రోజులలో కొత్తదవుతూ ఉంటుంది. ఆ కొత్త కణాలు ఎక్కడి నుంచి వస్తాయి? నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే వలయాకారపు అంచును లింబస్ అంటారు. అవి అక్కడ పుట్టి ఉండవచ్చునని 1971లో నార్వేకు చెందిన డావంగర్, ఎవెన్సన్ ప్రతిపాదించారు. 1980లలో అమెరికాలో టుంగ్-టియెన్ సన్ బృందం చేసిన పరిశోధనలు దానిని బలపరిచాయి. కార్నియా పైపొరకు మూలకణాల నిలయం లింబస్ అని తేలింది.

సున్నం ఆ నిలయాన్నే కాల్చివేస్తుంది. అప్పుడు తెల్లగుడ్డు పైని పొర రక్తనాళాలతో సహా కార్నియా మీదికి పాకుతుంది. కొత్త కార్నియా తెచ్చి అమర్చినా, దాని పైపొరను పోషించే మూలం లేనందువల్ల అదే గతి పడుతుంది. ఊట ఎండిన చెరువులో కడవలతో నీళ్లు పోసినట్లే. ఆ తండ్రి ప్రశ్నకు సమాధానం ఇదే.

మూలం తెలిశాక మార్గం తెరుచుకుంది. 1989లో కెన్యన్, సెంగ్ అనే వైద్యులు ఆరోగ్యంగా ఉన్న రెండవ కంటి లింబస్ నుంచి ముక్కలు తీసి, కాలిన కంటికి అతికి ఫలితం చూపారు. అయితే ముక్క పెద్దదైతే మంచి కంటికే ముప్పు. ఆ చిక్కును ప్రయోగశాల విప్పింది. హోవార్డ్ గ్రీన్, రైన్వాల్డ్ 1975లోనే మనిషి చర్మకణాలను ప్రయోగశాలలో విస్తారంగా పెంచే పద్ధతి కనుగొని ఉన్నారు. అదే బాటలో 1997లో ఇటలీకి చెందిన గ్రాజియెల్లా పెల్లెగ్రిని, మికేలె డి లూకా బృందం చిన్న లింబస్ ముక్క నుంచి కణాలను పొరగా పెంచి ఇద్దరు రోగులకు అమర్చింది. 2010లో ఇటలీ వైద్యులు 112 మంది ఫలితాలను ప్రకటించారు. నాలుగింట మూడు వంతుల కళ్ళలో పైపొర నిలిచింది. 2015లో యూరప్ ఈ చికిత్సకు షరతులతో అనుమతినిచ్చింది.

ఈ చరిత్రలో మన హైదరాబాదుకు గౌరవప్రదమైన స్థానం ఉంది. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం తొలుత కణాలను పెంచే పద్ధతినే అనుసరించి, 2011లో 200 మంది ఫలితాలను ప్రచురించింది. కానీ అందుకు ప్రత్యేక ప్రయోగశాల కావాలి, ఖర్చు ఎక్కువ. 2012లో అదే బృందం మరో పద్ధతిని ప్రకటించింది. మంచి కంటి నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క మాత్రమే తీసి, దానిని ఎనిమిది పది తునకలు చేస్తారు. కాలిన కంటిపై ఉమ్మనీటి సంచి పొరను పరచి, ఆ తునకలను నారు నాటినట్లు జిగురుతో అతికిస్తారు. కణాలు కంటిమీదే పెరుగుతాయి. ప్రయోగశాల అవసరం లేదు. ‘స్లెట్’ అని పిలిచే ఈ చికిత్సను కనీసం ఏడాది గమనించగా, 125 మందిలో 76 శాతం మందికి ఫలితం నిలిచినట్లు 2016లో వెల్లడించారు. వారిలో 60 మంది పిల్లలే.

దీనికి పరిమితులూ ఉన్నాయి. రెండు కళ్ళూ కాలినవారికి నారు ఇతరుల నుంచి తేవలసి వస్తుంది. శరీరం దానిని తిరస్కరించకుండా మందులు వాడాలి. లోపలి పొరలు మచ్చపడితే ఆ తరువాత కార్నియా మార్పిడీ అవసరం కావచ్చు. ఇంకొక మాట. కార్నియా విషయంలో ఏ కణం, ఎక్కడ ఉంటుంది, ఏ పని చేస్తుంది అన్నది తేల్చుకోవడానికే దశాబ్దాలు పట్టింది. కాబట్టి ఒకే సూదిమందుతో మూత్రపిండాలు, మోకాళ్ళు, నరాలు అన్నీ బాగుచేస్తామనే ‘స్టెమ్ సెల్’ ప్రకటనలను నమ్మి ఆస్తులు అమ్ముకోవద్దు. ఏ కణాలు, ఎవరివి, ఫలితాలు ఎక్కడ ప్రచురించారు అని నిలదీసి అడగండి.

అన్నిటికన్నా ముఖ్యమైన చికిత్స మీ ఇంటి కుళాయి దగ్గరే ఉంది. కంట్లో సున్నం పడిన మరుక్షణమే, రెప్పలు విప్పి పట్టుకొని, ధారగా శుభ్రమైన నీటితో కనీసం అరగంట కడగండి. పసర్లు, పాలు, నూనెలు వద్దు. రెప్పల కింద సున్నపు రేణువులు మిగిలి ఉండవచ్చు గనుక వెంటనే కంటి వైద్యుని వద్దకు వెళ్ళండి. తాంబూలపు సున్నం పొట్లాలను, డబ్బాలను పిల్లలకు అందనివ్వకండి.

ఆనాటి బాలునికి ఇప్పుడు యాభై దాటి ఉంటాయి. ఆ ఇంట్లో ఆ రోజు ఎవరైనా ఒక బిందెడు నీళ్లు పోసి ఉంటే, ఇంత చరిత్రతో అతనికి పని పడేది కాదేమో.